టోర్నమెంట్ పోకర్‌లో డ్రా వస్తే ఆడాలా, పడేయాలా?

101 పూల్ రమ్మీ ఆడినవాళ్లకి ఈ సంగతి సగం తెలిసే ఉంటుంది. స్కోరు పదిలోనో ఇరవైలోనో ఉన్నప్పుడు చేతిలో ప్యూర్ సీక్వెన్స్ లేకపోయినా "చూద్దాంలే, ఒక్క ముక్క తగిలితే చాలు" అని ఆడేస్తాం. స్కోరు 60 దాటాక అవే పదమూడు ముక్కలు వస్తే ఇంకో ఆలోచన లేకుండా 20 పాయింట్లకి డ్రాప్ కొడతాం. 81కి చేరిందంటే ఇక డ్రాప్ కూడా లేదు, కంపల్సరీ, ఎంత చెత్త వచ్చినా ఆడాల్సిందే. ముక్కలు అవే, తగిలే అవకాశమూ అంతే, తగలకపోతే పోయేది మాత్రం వేరు.

టోర్నమెంట్ పోకర్‌లో డ్రాతో, అంటే ఇంకో ముక్క పడితేనే పనికొచ్చే చేతితో, వచ్చే బాధ సరిగ్గా ఇదే. చేతిలో ఆఠీను ఏడు, ఎనిమిది, ఫ్లాప్‌లో (టేబుల్ మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) ఇంకో రెండు ఆఠీన్లు. ఐదోది పడితే ఫ్లష్, పడకపోతే మీ దగ్గర ఉన్నది ఉత్త ఎనిమిది. హోల్డెమ్ రూల్స్ వచ్చు, కానీ నాలుగు ఒకే రంగు కనిపించగానే చెయ్యి దానంతటదే చిప్స్ మీదకి వెళ్లిపోతుంది అనేవాళ్ల కోసం రాస్తున్నాను. నేనూ అలాంటివాడినే, మానడానికి చాలా ఎంట్రీ ఫీజులు పట్టాయి.

ముందు ఒక మాట. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతా నిషేధంలోకి వెళ్లాయి, మన దగ్గరైతే తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లోనే రాష్ట్ర చట్టాలు వచ్చాయి. కాబట్టి ఇది గోవా క్యాసినోల్లో కూర్చునేవాళ్లకి, అమెరికాలో ఉండి సెలవులకి లాస్ వేగాస్ వెళ్లేవాళ్లకి, ఉత్తుత్తి చిప్స్‌తో ఫ్రెండ్స్ మధ్య ఆడుకునేవాళ్లకి పనికొచ్చే విషయం. దొంగచాటు యాప్ వెతుక్కోమని చెప్పడం లేదు.

ఫ్లాప్ రాకముందే మొదలుపెట్టండి

డ్రా గురించి ఆలోచించాల్సింది ఫ్లాప్‌లో అనుకుంటారు చాలామంది. అప్పటికే సగం ఆలస్యం. ముందు మీ స్టాక్ (మీ దగ్గరున్న చిప్స్ మొత్తం) ఎన్ని బిగ్ బ్లైండ్లో (ముక్కలు చూడకముందే కట్టాల్సిన పెద్ద పందెం) లెక్కపెట్టండి, చిప్స్‌లో కాదు. బ్లైండ్స్ 500/1,000 ఉన్నప్పుడు 15,000 చిప్స్ చూడటానికి కుప్పలా కనిపిస్తాయి, నిజానికి అవి 15 బ్లైండ్లే.

ఒకే రంగు ముక్కలు రెండు పట్టుకుని ఫ్లాప్ చూస్తే ఫ్లష్ డ్రా దొరికేది వందలో పదకొండుసార్లు. పూర్తి ఫ్లష్ ఫ్లాప్‌లోనే పడేది వందలో ఒకసారి కూడా కాదు. అంటే 15 బ్లైండ్లతో ఉండి, ఎవరో రెయిజ్ చేస్తే, ఇస్పేటు ఆరు-ఏడు "భలే ముచ్చటగా ఉన్నాయి" అని రెండున్నర బ్లైండ్లు పెట్టి కాల్ చేస్తే ఎక్కువసార్లు ఏమీ తగలక పడేస్తారు, ఆ పదకొండు సార్లలో కూడా చేతిలోకి వచ్చేది డ్రానే, గెలుపు కాదు. ఇలాంటి ముక్కలకి లోతు కావాలి, అంటే మీ దగ్గరా ఎదుటివాడి దగ్గరా 40, 50 బ్లైండ్లకి పైనే ఉండాలి, తగిలినప్పుడు గట్టిగా లాగడానికి. బిగ్ బ్లైండ్‌లో కూర్చుని సగం డబ్బు ముందే కట్టేసి ఉంటే మాత్రం వేరే కథ, అక్కడ చవగ్గా చూడొచ్చు.

అవుట్స్ లెక్కపెట్టండి, నిజాయితీగా

ఏయే ముక్క పడితే గెలుస్తారో అవే అవుట్స్. ఫ్లష్ డ్రాకి తొమ్మిది, రెండు వైపులా తెరిచి ఉన్న స్ట్రెయిట్‌కి (వరుసగా ఐదు ముక్కలు) ఎనిమిది, మధ్యలో ఒకటి తగ్గిన గట్‌షాట్‌కి నాలుగే. ఫ్లష్ డ్రా, గట్‌షాట్ రెండూ కలిస్తే పన్నెండు, ఫ్లష్ డ్రాకి రెండు వైపుల స్ట్రెయిట్ కలిస్తే పదిహేను.

నిజాయితీ అని ఎందుకన్నానంటే, చేతిలో డ్రా ఉన్నప్పుడు మనకి తొమ్మిది పన్నెండులా కనిపిస్తుంది. మీరు స్ట్రెయిట్ కోసం చూస్తున్నారు, బోర్డు మీద రెండు కళావర్లు ఉన్నాయి అనుకోండి. మీ ఎనిమిది అవుట్స్‌లో రెండు కళావర్లే, అవి పడితే మీకు స్ట్రెయిట్ వస్తుంది, ఎవరికైనా ఫ్లష్ కూడా రావచ్చు. అంటే నికరంగా ఆరే. అలాగే ఎదుటివాడి దగ్గర సెట్ (ఒకే అంకె ముక్కలు మూడు) ఉంటే మీ ఫ్లష్ డ్రా 35 శాతం నుంచి పాతిక దగ్గరకి పడిపోతుంది, ఎందుకంటే మీ రంగు ముక్క పడ్డా బోర్డు మీద జత కడితే వాడికి ఫ్లష్‌ని కొట్టే ఫుల్‌హౌస్. ఎనిమిది పెద్దగా ఉన్న చిన్న ఫ్లష్‌తో ఇంకో భయం ఉంటుంది, అదే రంగులో ఆసో రాజో పట్టుకుని మౌనంగా కాల్ చేసేవాడు ఉంటే మీకు ముక్క పడటమే మీ కొంప ముంచుతుంది. నలుగురు పాట్‌లో ఉన్నప్పుడు ఈ భయం నిజమే, ఒక్కడే ఉన్నప్పుడు దాని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు.

ఒక ముక్క చూస్తారా, రెండా?

రెండూ నాలుగు లెక్క అందరికీ తెలుసు. ఒక్క ముక్కే రావాల్సి ఉంటే అవుట్స్‌ని రెండుతో, రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో గుణిస్తే శాతం వచ్చేస్తుంది. తొమ్మిది అవుట్స్ అంటే ఒక ముక్కకి 18 (అసలు లెక్క 19), రెండు ముక్కలకి 36 (అసలు 35). అవుట్స్ ఎనిమిది దాటితే నాలుగు లెక్క ఎక్కువ చూపిస్తుంది, ఎనిమిది మీద ఎన్ని ఎక్కువున్నాయో అంత తీసేయండి. పదిహేనుకి 60 కాదు, ఏడు తీస్తే 53, అసలు లెక్క 54.

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. ఫ్లాప్‌లో ఎదుటివాడు బెట్ వేస్తే "నాకు 35 శాతం ఉంది కదా" అని కాల్ చేస్తారు. లేదు, మీరు కొన్నది ఒక్క టర్న్ ముక్కే, అంటే బోర్డు మీద నాలుగోది. అది తగలకపోతే వాడు టర్న్‌లో మళ్లీ బెట్ వేస్తాడు, రెండో ముక్కకి, అంటే రివర్‌కి, మళ్లీ ధర కట్టాలి. నాలుగు లెక్క వాడాల్సింది ఫ్లాప్‌లోనే ఎవరో ఒకరు ఆల్‌ఇన్ అయిపోయి (ఉన్నదంతా పెట్టేసి), ఇక కట్టాల్సింది ఏమీ లేనప్పుడు. చిప్స్ ఇంకా వెనకాల ఉన్నంతసేపూ రెండు లెక్కే.

ధర అడగండి

ఉదాహరణ పెట్టుకుందాం. బ్లైండ్స్ 500/1,000, బిగ్ బ్లైండ్ యాంటీ (బిగ్ బ్లైండ్ అందరి తరఫున అదనంగా కట్టేది) 1,000. మీరు బిగ్ బ్లైండ్, చేతిలో ఆఠీను ఏడు-ఎనిమిది. బటన్‌లో (డీలర్ స్థానంలో) ఉన్నవాడు 2,200కి రెయిజ్ చేశాడు, మీరు కాల్ చేశారు, పాట్ 5,900. ఫ్లాప్: ఆఠీను రాజు, ఆఠీను నాలుగు, ఇస్పేటు రెండు.

వాడు 2,000 బెట్ వేస్తే మీరు 2,000 పెట్టి మొత్తం 9,900 పాట్‌లో ఉంటారు. 2,000ని 9,900తో భాగిస్తే 20 శాతం. మీ దగ్గర ఒక్క ముక్కకి ఉన్నది 19. దాదాపు సరిపోయింది, తగిలాక ఇంకాస్త లాగగలిగితే లాభమే, కాల్ చేయండి, ఎక్కువ ఆలోచించకండి.

అదే వాడు పాట్ మొత్తం, 5,900, వేశాడనుకోండి. ఇప్పుడు కావాల్సింది 33 శాతం, మీ దగ్గర అదే 19. "తగిలితే తర్వాత లాగుతాను కదా" అంటారా, ఎంత లాగాలో చూడండి: తగలనివి 38 ముక్కలు, తగిలేవి 9, కాబట్టి 5,900 పెట్టినందుకు తగిలినప్పుడల్లా దాదాపు 24,900 రావాలి. పాట్‌లో ఉన్నది 11,800. మిగతా 13,100 టర్న్, రివర్‌ల మీద వాడి దగ్గర నుంచి రావాలి, అదీ మూడో ఆఠీను పడ్డాక, గుడ్డివాడికి కూడా ఫ్లష్ కనిపిస్తున్నప్పుడు. వాడి వెనకాల 10,000 ఉన్నాయంటే లెక్క అక్కడితో అయిపోయింది, పడేయండి. 50,000 ఉన్నాయి, పైగా జత దొరికితే వదలని రకం అయితే అప్పుడు ఆలోచించొచ్చు. క్యాష్ గేమ్ పుస్తకాల్లో "డ్రాలు ఆడండి, లోపల డబ్బుంది" అని చదివినవాళ్లు టోర్నమెంట్లో మునిగేది దీంతోనే, ఇక్కడ రెండు మూడు గంటలు గడిచేసరికి ఎవరి వెనకాలా ఏమీ మిగలదు.

మీరు ఎక్కడున్నారు? బబుల్ ఎంత దూరం?

కొన్నేళ్ల కింద గోవాలో ఒక చిన్న టోర్నమెంట్, ఇంకొకడు పోతే మిగతా అందరికీ డబ్బులు, బబుల్ అనేది దీన్నే. నా చేతిలో ఇస్పేటు పది, జాకీ, ఫ్లాప్‌లో ఇస్పేటు ఎనిమిది, తొమ్మిది, పక్కన ఒక పిచ్చి డైమను. పదిహేను అవుట్స్. నాలాగే ఓ మోస్తరు స్టాక్ ఉన్న ఒకాయన ఆల్‌ఇన్ అన్నాడు, ఆయన దగ్గర జంట రాజులు ఉన్నాయని నాకు దాదాపు తెలుసు, అయినా సగానికి పైగా ఛాన్స్ నాదే కదా అని కాల్ కొట్టాను. ఏదీ పడలేదు. నెల రోజులు "అదృష్టం లేదురా" అని అందరికీ చెప్పుకుని తిరిగాను. తర్వాత కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది, ముక్క పడకపోవడం కాదు, కాల్ కొట్టడమే తప్పు.

ఆ లెక్క నలుగురికి కుదించి చెప్తాను, ఓపిగ్గా చూడండి, ఇదొక్కటి పట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి. నలుగురు మిగిలారు, ఒక్కొక్కరి దగ్గర 10,000. బహుమతి ముగ్గురికే: 50, 30, 20. నాలుగోవాడికి సున్నా. అందరూ సమానం కాబట్టి చెయ్యి మొదలయ్యేటప్పుడు మీ చిప్స్ విలువ సరిగ్గా 25.

మీరూ ఎదుటివాడూ చెరో 1,000 పెట్టి ఫ్లాప్ చూశారు, వాడు మిగిలిన 9,000 తోసేశాడు. చిప్స్ లెక్కలో చూస్తే 20,000 పాట్ కోసం 9,000, అంటే 45 శాతం ఉంటే చాలు. మీ దగ్గర 54. సంతోషంగా కాల్ కొట్టాలి. ఇప్పుడు డబ్బు లెక్కలో చూడండి. పడేస్తే మీకు 9,000 మిగులుతాయి, వాటి విలువ సుమారు 23.3. కాల్ కొట్టి గెలిస్తే 20,000 చిప్స్, కానీ వాటి విలువ 50 కాదు, 38.3 మాత్రమే, ఎందుకంటే మొత్తం చిప్స్ గెలుచుకున్నా మొదటి బహుమతి 50 దాటదు, మిగిలిన ఇద్దరూ కదలకుండా కూర్చునే మూడో బహుమతిలోకి వచ్చేశారు. ఓడితే సున్నా. 23.3ని 38.3తో భాగిస్తే 61 శాతం. మీ దగ్గర ఉన్నది 54, జంట రాజుల మీదైతే 56 అనుకోండి, అయినా చాలదు. పోకర్‌లో ఇంతకన్నా పెద్ద డ్రా దాదాపు ఉండదు, అది కూడా పడేయాలి!

దీన్నే ఐసీఎం అంటారు, ఇండిపెండెంట్ చిప్ మోడల్. టేబుల్ మీద కూర్చుని ఈ లెక్క ఎవరూ వేయలేరు, వేయక్కర్లేదు కూడా. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే బబుల్ దగ్గర, ఫైనల్ టేబుల్లో, మీ స్టాక్ అంతా పోయేలా కాల్ కొట్టాలంటే చిప్స్ లెక్క చెప్పినదాని మీద ఇంకో పది పదిహేను శాతం కావాలి. టోర్నమెంట్ మొదటి గంటలో ఈ తేడా పట్టించుకోనంత చిన్నది. ఎదుటివాడి స్టాక్ మీకన్నా చాలా చిన్నదైతే, ఓడినా మీరు బతికే ఉంటారు కాబట్టి, అప్పుడూ తేడా తగ్గుతుంది. శాటిలైట్ల (పెద్ద టోర్నమెంట్‌లో సీటు కోసం ఆడే చిన్న టోర్నమెంట్ల) సంగతి దీనికి పూర్తిగా అవతలి అంచు: అక్కడ గెలిచినవాళ్లందరికీ ఒకేలాంటి సీటు, మొదటివాడికీ పదోవాడికీ తేడా లేదు, సీటు చేతికొచ్చేలా ఉన్నప్పుడు ఎంత ముద్దొచ్చే డ్రా అయినా మొహం తిప్పుకోవాలి.

కాల్ కాకపోతే, తోయడం?

పైన లెక్కలో 61 శాతం ఎవరికి కావాల్సి వచ్చింది? కాల్ చేసేవాడికి. తోసినవాడికి ఆ బాధ సగమే, ఎందుకంటే వాడికి గెలవడానికి రెండు దారులు: మీరు పడేయొచ్చు, లేదా ముక్క పడొచ్చు. కాల్ చేసేవాడికి ఉన్నది ఒక్క దారే. కాబట్టి డ్రా వచ్చినప్పుడు "కాల్ చేయాలా, పడేయాలా" అని రెండే తలుపులు చూడకండి, మూడోది ఉంది.

పాట్ 3,000, ఎదుటివాడు 1,500 బెట్ వేశాడు, మీ దగ్గర 9,000, చేతిలో ఉత్త ఫ్లష్ డ్రా, 35 శాతం. మొత్తం తోసేస్తే, వాడు పడేసినప్పుడు 4,500 వస్తాయి. వాడు కాల్ చేస్తే పాట్ 21,000 అవుతుంది, అందులో మీ వాటా 7,350, పెట్టింది 9,000, అంటే సగటున 1,650 నష్టం. ఈ రెండూ తూచితే వాడు వందలో 27 సార్లు పడేస్తే చాలు, చిప్స్ లెక్కలో మీకు నష్టం లేదు. నాలుగింట ఒకసారి కన్నా కొంచెం ఎక్కువ, అంతే. మామూలు జత పట్టుకుని బబుల్ దగ్గర వణుకుతున్నవాడు అంతకన్నా చాలా ఎక్కువే పడేస్తాడు.

అందుకే ఎవరి మీద తోస్తున్నారన్నది మీ ముక్కల కన్నా ముఖ్యం. మధ్యస్థంగా స్టాక్ ఉండి, పోగొట్టుకోవడానికి చాలా ఉన్నవాడి మీద తోయండి. మూడు బ్లైండ్లు మిగిలినవాడి మీద వద్దు, వాడికి ఇక పోయేదేం లేదు, ఏదున్నా కాల్ కొడతాడు. పాట్‌లో సగం స్టాక్ పెట్టేసినవాడూ వదలడు. ఏ జత దొరికినా రివర్ దాకా వచ్చే పెద్దమనిషి ప్రతి టేబుల్లో ఒకడుంటాడు, ఆయన్ని బెదిరించాలని చూడటం గోడకి చెప్పుకోవడమే. ఆయన దగ్గర డ్రాని చవగ్గా చూసి, తగిలాక పూర్తి ధర వసూలు చేయాలి.

2003లో లాస్ వేగాస్ వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ చివరి ఇద్దరిలో క్రిస్ మనీమేకర్ అనే టెన్నెసీ అకౌంటెంట్ చేసింది ఇదే, డ్రాతో కాల్ చేసి ఊరుకోకుండా ఎదురు తిరగడం. చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. ఫ్లాప్ ఇస్పేటు తొమ్మిది, డైమను రెండు, ఇస్పేటు ఆరు, టర్న్‌లో ఇస్పేటు ఎనిమిది. ఒక్క దెబ్బకి ఫ్లష్ డ్రా, రెండు వైపుల స్ట్రెయిట్ డ్రా రెండూ వచ్చాయి. ఎదురుగా సామీ ఫర్హా, అనుభవం ఉన్న ప్రొఫెషనల్, తొమ్మిదుల జతతో 3 లక్షలు బెట్ వేస్తే మనీమేకర్ ఊరికే కాల్ చేయలేదు, 8 లక్షలకి పెంచాడు. రివర్‌లో ఆఠీను మూడు, ఏమీ తగలలేదు, అయినా ఆల్‌ఇన్ తోసేశాడు, ఫర్హా చాలాసేపు ఆలోచించి గెలుస్తున్న చేతిని పడేశాడు. అందరూ రివర్ బ్లఫ్ గురించే చెప్తారు, నాకు మాత్రం టర్న్ రెయిజే నచ్చుతుంది. అక్కడ కాల్ చేసి ఊరుకుని ఉంటే రివర్ తోపుని ఫర్హా నమ్మేవాడు కాదేమో. ఇంకో సంగతి, ఇద్దరే మిగిలినప్పుడు రెండో బహుమతి ఇద్దరికీ ఖాయం, ఆడుతున్నది పై తేడా కోసమే, కాబట్టి ఐసీఎం భయం అక్కడ ఉండదు, చిప్స్ లెక్కే డబ్బు లెక్క. బబుల్ దగ్గర వణికిన చేత్తోనే హెడ్స్అప్‌లోనూ ఆడేవాళ్లు అనవసరంగా చాలా వదిలేసుకుంటారు.

టేబుల్ మీద, అరనిమిషంలో

ఇంత లెక్క అప్పుడెక్కడ గుర్తొస్తుంది అంటారు. నేను చేసేది చెప్తాను. బెట్ రాగానే చిప్స్ ముట్టుకోను, చెయ్యి వాటి మీద ఉంటే మనసు కాల్ వైపే లాగుతుంది. ముందు "పడకపోతే నా దగ్గర ఎన్ని బ్లైండ్లు మిగులుతాయి" అని చూసుకుంటాను, తర్వాతే అవుట్స్. మిగిలేది పది బ్లైండ్ల కన్నా తక్కువైతే కాల్ అనే మాటే తీసేసి, తోయడమా పడేయడమా అని రెండింట్లోనే చూస్తాను. గట్‌షాట్ ఒక్కటే ఉంటే, దాదాపు ఉచితంగా దొరికితే తప్ప, అసలు లెక్కే వేయను, ఒక ముక్కకి ఎనిమిదిన్నర శాతం కోసం బుర్ర వేడెక్కించుకోవడం దండగ.

పాట్ ఇప్పటికే పెద్దదై, మీ దగ్గర చిటికెడు మిగిలి ఉంటే మాత్రం ఇదంతా తలకిందులు. పాట్‌లో 6,000, మీకు మిగిలింది 3,000, వాడు ఆ 3,000కి సరిపడా బెట్ వేశాడు, మీకు ఫ్లష్ డ్రా. 12,000 కోసం 3,000, కావాల్సింది 25, రెండు ముక్కలూ చూస్తారు కాబట్టి ఉన్నది 35. ఇది రమ్మీలో 81 దాటిన స్కోరు లాంటిది, కంపల్సరీ, కాల్ కొట్టండి. ఒకే ఒక్కసారి ఆగుతాను: పక్క టేబుల్లో ఒక్క బ్లైండ్ మిగిలినవాడు ఉండి, వాడు పోతే నాకు డబ్బులొచ్చే చోట. అప్పుడు ముక్కలు మూసేసి, లేచి వెళ్లి వాడి చెయ్యి ఏమైందో చూసొస్తాను.